తొమ్మిది చిలకల తలుపు

సంచి అడుగున పాత దుప్పటి మడిచి వేశాను. దాని మీద కొయ్యను తవ్వే రౌటర్ మెషిన్. పక్కన దానికి బిగించే కోత మొనలు, బిట్లు, ఒక్కొక్కటి ఒక్కో కాగితంలో చుట్టి. చుట్టే ముందు ఆ కాగితాన్ని చదవడం నా అలవాటు. నేను సంచి సర్దితే పొద్దు పోతుందని నా కూతురు రాగిణి విసుక్కుంటుంది, అయినా నాకే ఇస్తుంది. నేను సర్దిన సంచిలో ఇంతవరకు ఏదీ విరగలేదు.

బిట్ల పైన అచ్చు పెట్టాను. అది జానెడు ప్లైవుడ్ పలక, రాగిణి దాన్ని టెంప్లేట్ అంటుంది. పలక మధ్యలో చిలక ఆకారంలో కోసిన కిటికీ ఉంటుంది. కిటికీ అంచు వెంట మెషిన్ తిప్పితే ఎన్నిసార్లు తిప్పినా అదే చిలక వస్తుంది. ఆ చిలక నాదే. నేను వాకిట్లో ముగ్గుపిండితో వేసే చిలకను రాగిణి ఫోన్లో ఫోటో తీసి, ముక్కు చివర మాత్రం కొంచెం గుండ్రం చేసి కోసింది. గుండ్రంగా తిరిగే బిట్టు సూదిలాంటి మూలలోకి పోలేదట. చివరగా, తువ్వాల్లో చుట్టిన తొమ్మిది చిలకలు. రోజ్‌వుడ్‌లో కోసి నున్నగా చేసినవి. తొండియార్‌పేటలో ఒక పాత టేకు తలుపులో వాటిని పొదగాలి. నాలుగు రోజుల పని, పడక కూడా అక్కడే.

పక్క పోర్షన్ ప్రభ గుమ్మంలో నిలబడి నా సర్దుడు చూసింది. "ఏంది పెద్దమ్మా, కూతుర్ని కాశీకి పంపిస్తా ఉండావా? రెండు ట్రైన్లు మారితే తొండియార్‌పేట" అనింది.

నాకు దూరంతో పని లేదు. గడప దాటితే చాలు, నా గుండె అటూ ఇటూ అవుతుంది. వెళ్ళేవాళ్ళ వస్తువు ఒకటి ఇంట్లో మిగిలితే దాని కోసమైనా తిరిగి వస్తారని మా అత్త అనేది. ముప్పై నాలుగేళ్ళుగా నేను అదే చేస్తున్నాను. రాగిణి స్కూలుకు పోయే రోజుల్లో పెన్ను మూత, కాలేజీకి పోయేటప్పుడు దువ్వెన. ప్రభ మొగుడు తిరుపతి పోతుంటే వాళ్ళ దండెం మీది జేబురుమాలు తీసి దాచాను. అతను తిరిగి వచ్చి రుమాలు వెతుక్కుంటుంటే చూసి సంతోషపడ్డాను.

ఆ సోమవారం ఒక ఇత్తడి రింగు తీశాను. వేలికి వదులుగా పట్టేంత రింగు. రాగిణి దాన్ని చిన్న కవర్లో వేసి సర్దమని ఇచ్చింది. కానీ నేను నెల రోజులుగా చూస్తూనే ఉన్నాను, అది కుంకుమ డబ్బా మూతలో ఊరికే పడి ఉంది. తొమ్మిది చిలకలూ కోసేటప్పుడు రాగిణి దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. అక్కరలేని వస్తువు అనుకున్నాను. కవరుతో సహా కొంగున ముడి వేసుకున్నాను.

రాగిణికి తోడుగా కన్నియప్పన్ వచ్చాడు. మా ఆయన సుందరరామమూర్తితో కలిసి సినిమా సెట్లకు వడ్రంగం చేసినవాడు, ఇప్పుడు అరవై ఆరేళ్ళు. నన్ను అణ్ణి అంటాడు, అన్న భార్యనని. రాగిణికి ఉలి పట్టడం నేర్పింది అతనే. మెషిన్ పట్టడం రాగిణి తనే నేర్చుకుని అతనికి నేర్పింది. ఆటోలో సంచి ఎక్కిస్తూ కన్నియప్పన్ బరువు చూసి, "అణ్ణి, ఇంకా ఎవరినైనా లోపల పెట్టినారా?" అన్నాడు.

మా ఆయన మైసూరు దగ్గర సెట్ వేయడానికి వెళ్ళి రాలేదు. సాయంత్రం టీ తాగొస్తానని పోయాడని కన్నియప్పన్ చెప్పాడు. సంచి మాత్రం కన్నియప్పన్ తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు సంచిలో నేను అన్నీ పెట్టాను, ఒక్కటీ మిగుల్చుకోలేదు. అప్పుడు రాగిణికి మూడేళ్ళు. బొంబాయిలో చూశామని ఒకరు, హుబ్లీలో అని ఇంకొకరు చెప్పారు. ఎక్కడున్నా ఆయనకు తెలిసిన చిరునామా కోడంబాక్కంలోని ఈ పోర్షనే. అందుకని నేను ఇల్లు మారలేదు. పగటిపూట ఇంటికి తాళం కూడా వేయలేదు. బజారుకు పోతే రాగిణిని కూర్చోబెట్టేదాన్ని, రాగిణి పనిలో చేరాక ప్రభను. ఆయన సెట్ల నుంచి తెచ్చిన పలకలతో వంటింట్లో అలమరా చేశాడు. ఒక పలక మీద 'కలెక్టరు కచేరి' అని, ఇంకో దాని మీద 'ధర్మాసుపత్రి' అని రాసి ఉండేది. ఆయన పోయాక ఆ అక్షరాలు పట్టుకునే నేను చదవడం నేర్చుకున్నాను. ఉప్పు డబ్బా ధర్మాసుపత్రి మీద, పప్పు డబ్బా కలెక్టరు కచేరి మీద.

ఆ ఇంట్లో మెషిన్ పని కుదరడం లేదు. రౌటర్ వేస్తే మూడిళ్ళకు వినిపిస్తుంది, పొట్టు ప్రభ ఆరేసిన వడియాల మీద పడుతుంది. ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన రెండుసార్లు వచ్చి వద్దని చెప్పాడు. అంతవరకు రాగిణి కాంట్రాక్టర్ల కింద, వాళ్ళ షెడ్డుల్లో పని చేసేది, చేసిన పనికి పేరు వాళ్ళది. ఈ తలుపు మొదటిసారి తన పేరు మీద ఒప్పుకుంది. తలుపు గలావిడ సీతాదేవి పాత కాపురస్థురాలు, ఒకప్పటి బియ్యం మండీ వాళ్ళు. వాళ్ళింటి వెనక గోడౌను, పైన రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. తలుపు తన మనసుకు నచ్చితే గోడౌను రాగిణికి అద్దెకు ఇస్తానంది. నచ్చకపోతే అడిగిన వేరే వాళ్ళు ఉన్నారంది. రాగిణి ఈ మాట నాతో మూడుసార్లు చెప్పింది. నేను మూడుసార్లూ, నువ్వు పో, నేను ఈడనే ఉంటా అన్నాను. నన్ను వదిలి పోవడానికి దానికి మనసొప్పదని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

గురువారం పదిన్నరకు ఫోన్ మోగింది.

"అమ్మా, నీకు కవర్లో వేసి ఇచ్చిన ఇత్తడి రింగు మళ్ళీ కుంకుమ డబ్బా మూతలోనే ఉండిపోయిందేమో చూడు. సంచి మూడుసార్లు దులిపినాము, లేదు."

చూడక్కరలేదు. "అదెందుకే ఇప్పుడు? నెల రోజులు దాని మొహం చూళ్ళేదే నువ్వు" అన్నాను.

రాగిణి ఓపికగా చెప్పింది. మెషిన్ అడుగున చిన్న గొట్టం ఉంటుంది, అది అచ్చు అంచును ఒరుసుకుంటూ పోతుంది. చిలకను కోసేటప్పుడు రింగు ఉండకూడదు. చిలక కూర్చునే గుంట తవ్వేటప్పుడు మాత్రం గొట్టానికి రింగు తొడగాలి. తొడిగితే గొట్టం లావవుతుంది, బిట్టు అంచు నుంచి లోపలికి జరుగుతుంది, గుంట ఆ మేరకు చిన్నదవుతుంది. అప్పుడే ఒకే అచ్చుతో చేసిన చిలకా గుంటా వెంట్రుకవాసి తేడా లేకుండా అతుకుతాయి. రింగు లేకుండా తవ్వితే చిలక చుట్టూ కందిబద్ద పట్టేంత సందు. మూడు తరాల తలుపు, తవ్వింది మళ్ళీ పూడ్చలేరు.

తలుపు అప్పటికే దించేశారు. మూడు రోజులు దాన్ని ఎక్కి ఉండగానే గీకి నున్నగా చేశారు, దించడానికి సీతాదేవి ఒక్క రోజే ఇచ్చింది. సింహద్వారం తలుపు గడప దాటి బయటికి పోకూడదు, అందుకే పనివాళ్ళు ఇంటికి రావాల్సి వచ్చింది. తెల్లారి దించవచ్చు, దీపం పెట్టే వేళకు మళ్ళీ ఎక్కించాలి. మర్నాడు శుక్రవారం, పైగా కృష్ణాష్టమి, తలుపు ముట్టుకోనివ్వదు.

"రింగు నా దగ్గర ఉంది. నేనే తీసి పెట్టుకున్నా" అన్నాను.

అవతల కన్నియప్పన్ ఏదో కొడుతున్న చప్పుడు ఆగింది.

"ఎందుకమ్మా?"

"నువ్వు తిరిగి రావాలని."

"నేను రావాలనా? ఆ గోడౌను నాకు రాకూడదనా?"

అది పనికొచ్చే వస్తువని నాకు తెలియదే అన్నాను. నిజమే చెప్పాను. అయినా ఆ మాట నా చెవికే అరకొరగా వినిపించింది. ఆ కవరు ముడి వేసుకునేటప్పుడు, ఈ పని ఎక్కడైనా తప్పిపోతే బాగుండునని నా మనసులో ఏ మూలా లేదని నేను ప్రమాణం చేయలేను.

రాగిణి కోప్పడలేదు. బండి మీద సామాను చేరవేసేవాళ్ళను ఫోన్లోనే పిలుస్తానంది, వాళ్ళ చేతికిమ్మంది. ముక్కూ మొహం తెలియనివాడి చేతికి ఇయ్యను, నేనే తెస్తానన్నాను. "నువ్వా?" అనింది. నేను నుంగంబాక్కం దాటి పదేళ్ళయింది.

ప్రభ ఆ రోజు వాళ్ళ చెల్లెలింటికి పోవాలి, మా గుమ్మంలో కూర్చోలేనంది. తాళం కప్ప వెతకడానికే పది నిమిషాలు పట్టింది, అంత కాలం వాడలేదు. తాళం వేసి రెండిళ్ళు నడిచి, వెనక్కి వచ్చి లాగి చూశాను. మళ్ళీ నడిచి, మళ్ళీ వచ్చి చూశాను. ప్రభ తన గుమ్మంలోంచి, "పో పెద్దమ్మా, ఎవరన్నా వస్తే సాయంత్రం దాకా మా పిట్టగోడ మీద కూర్చోబెట్టమని ఎదురింటామెకు చెప్పి పోతాలే" అనింది. తమాషాకే అన్నా, ఆ మాటతోనే నా కాళ్ళు కదిలాయి.

కోడంబాక్కంలో రైలెక్కి బీచ్ స్టేషన్లో దిగాను. అక్కడ గుమ్మిడిపూండి రైలు ఎక్కాలి. ఏ ప్లాట్‌ఫారమో ముగ్గురిని అడిగాను, ముగ్గురూ ఒకటే చెప్పారు, అయినా నాలుగో మనిషిని అడిగాను. ఆమె ఖాళీ చేపల తట్టతో పోతోంది. రైల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కొంగు ముడి తడుముకుంటుంటే చూసి, అరవంలో, బంగారమా పాటీ, అంటే అవ్వా, అని అడిగింది. ఇత్తడి అన్నాను. నమ్మలేదు. కొరుక్కుపేట దగ్గర సిగ్నలు లేక రైలు ఇరవై నిమిషాలు నిలబడింది. ఆ ఇరవై నిమిషాలూ నేను ఇంటి తాళం గురించి ఆలోచించలేదు. ఒంటిగంట లోపల తవ్వడం మొదలుపెడితే గుంటకు ఎన్ని నిమిషాలు వస్తాయి అని లెక్క వేస్తూ కూర్చున్నాను. తొమ్మిది గుంటలు. ప్రతి లెక్కలోనూ దీపం వేళ దగ్గరికి వచ్చేస్తోంది.

సీతాదేవి ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటింది. తలుపు లేని గుమ్మం పన్నూడిన నోరులా తెరుచుకుని ఉంది. గడపకు అడ్డంగా కుర్చీ వేసుకుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. డెబ్బై అయిదేళ్ళు ఉంటాయి. తలుపు లేని ఇంటికి ఆవిడే తలుపు.

"రింగు దొంగ నువ్వేనా?" అని అడిగింది.

"నేనే" అన్నాను.

"పోయి ఇచ్చిరా. ఇచ్చి వచ్చి ఈడ కూర్చో. తెల్లారినప్పటి నుంచి నాకు కాలు మడిచే తీరిక లేదు, పిల్లి రెండుసార్లు లోపలికి పోయింది."

తలుపు హాలులో రెండు ముక్కాలి బల్లల మీద పడుకోబెట్టి ఉంది. రాగిణి రింగు తీసుకుంది, నా మొహం చూడలేదు. గొట్టానికి తొడిగి, అచ్చును క్లాంపులతో బిగించి, మూతికి గుడ్డ కట్టుకుంది. ఈ లోపల కన్నియప్పన్ తొమ్మిది చోట్లా నడుమ గీతలు గీసి పెట్టాడు. మెషిన్ మొదలైంది. మా ఇంట్లో ఆ చప్పుడుకు అందరూ తిట్టేవాళ్ళు. ఆ పెద్ద హాలులో అది ఒదిగిపోయింది.

మొదటి గుంట అయ్యాక మెషిన్ ఆపి, పొట్టు ఊది, రాగిణి నన్ను రమ్మని తల ఊపింది. ఒక చిలకను నా చేతిలో పెట్టింది.

"నీ చిలక. నువ్వే పెట్టు."

గుంటలో పెట్టి అరచేత్తో నొక్కాను. గోరంత పైన ఆగింది. తోక దగ్గర మెషిన్‌కు అందని మూల కొంచెం ఉందని కన్నియప్పన్ ఉలితో రెండు సన్నని పేళ్ళు తీశాడు. మళ్ళీ నొక్కాను, దిగింది. ఎక్కడ టేకు అయిపోయి ఎక్కడ రోజ్‌వుడ్ మొదలైందో వేలికి తెలియలేదు. ఇంక తీయడానికి రాదేమోనని భయపడ్డాను. కన్నియప్పన్ తలుపు వెనక నుంచి గట్టిగా ఒక గుద్దు గుద్ది బయటికి తెచ్చాడు. జిగురు పూసి పెట్టేటప్పుడు కొయ్య సుత్తికి గుడ్డ చుట్టి తనే కొట్టాడు.

మూడున్నరకు నాలుగు చిలకలు కూర్చున్నాయి. అప్పుడు కరెంటు పోయింది.

కన్నియప్పన్ అయిదో చిలక స్థానంలో ఉలి పెట్టి, కరెంటు రాకపోతే చేత్తోనే తవ్వుతానన్నాడు. చేత్తో అయితే రోజుకు రెండు. రాగిణి వద్దంది, అచ్చు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. నేను పోయి సీతాదేవి పక్కన మెట్టు మీద కూర్చున్నాను. నా మూలంగా మూడు గంటలు పోయాయి, అవి ఉంటే ఈ కరెంటు ఎంత సేపు పోయినా పరవాలేకపోయేది. అదే మాట ఆవిడతో అన్నాను. తలుపు కాకపోతే తప్పు నాదని, గోడౌను మాట అమ్మాయి పని చూసి చెప్పమని అడిగాను.

"గోడౌను ఆ పిల్లకు వస్తే నువ్వు వస్తావా?" అని అడిగింది.

"నేను రాలేను. మా ఆయన వస్తే ఆడికే వస్తాడు."

ఎన్నేళ్ళయిందని అడిగింది. చెప్పాను. సీతాదేవి చేతికర్రతో వీధిని చూపించింది. "ఆడికి రాగలిగినవాడు వెతుక్కుని ఈడికి రాలేడా? ఈ వీధిలో ఎవరినడిగినా చెబుతారు" అనింది. నాకు నవ్వొచ్చింది. ముప్పై నాలుగేళ్ళలో ఆయన గురించి ఎవరో మాట్లాడితే నాకు నవ్వు రావడం అదే మొదటిసారి.

నాలుగుంబావుకు కరెంటు వచ్చింది. రాగిణి ఇంక తల ఎత్తలేదు. ఒక గుంట తవ్వుతుంటే వెనక కన్నియప్పన్ ముందుదాని మూలలు తీయడం, నేను జిగురు తుడవడం. ఏడో చిలక కాస్త బిగుసుకుంటే రాగిణి, "అమ్మా, నీ చిలకకు పొట్ట ఎక్కువ" అనింది. అది నాతో ఆమె పొద్దున్నుంచి మామూలుగా అన్న మొదటి మాట. తిండి పెట్టింది నువ్వే కదే అన్నాను. ఎనిమిది, తొమ్మిది. ఆరున్నరకు తలుపు ఎత్తారు. పక్కింటి ఇద్దరు మగవాళ్ళు వచ్చి పట్టారు. కీలు మేకు దిగేసరికి లోపల సీతాదేవి కోడలు దీపం కుంది చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

సీతాదేవి కుర్చీలోంచి లేచి, చూపుడువేలి గోరు చిలకల అంచుల మీద గీసుకుంటూ పోయింది. ఒకటి, రెండు, మూడు. ఎక్కడైనా గోరు తగులుకుంటుందేమోనని. తొమ్మిదో చిలక ముక్కు దగ్గర ఆగి, వెనక్కి వచ్చి మళ్ళీ గీసింది. రాగిణి పిడికిళ్ళు బిగించుకుని ఉంది. గోరు ఎక్కడా ఆగలేదు.

"తాళాలు వెనక గుమ్మం మేకుకు ఉండాయి. ఎలుకలు ఉంటాయి, ముందే చెబుతా ఉండా" అనింది సీతాదేవి.

రాగిణి మూతి గుడ్డ విప్పి, అందులోనే మొహం దాచుకుంది. కన్నియప్పన్ నా వైపు తిరిగి, "అణ్ణి, పిల్ల గెలిచింది" అన్నాడు.

దీపం పెట్టిన ఇంటి నుంచి ఆడమనిషిని చీకట్లో పంపనని సీతాదేవి ఆ రాత్రి నన్ను ఆపింది. మర్నాడు శుక్రవారం, శుక్రవారం అసలే పంపదట. పైగా కృష్ణాష్టమికి గడప నుంచి దేవుడి గది దాకా చిన్ని పాదాలు వేయాలి, ఆ కోడలికి ముగ్గు చెయ్యి లేదు. నేను వేశాను. ఇరవై రెండు పాదాలు, అన్నీ ఒకే కొలత. అచ్చు పెట్టి వేశావా అని రాగిణి అడిగింది. శనివారం గోడౌను కడిగించాము. ఆదివారం రాగిణి పై గదిలో పడుకుంటే కింద మెషిన్ల దగ్గర ఎవరూ లేరని నేను ఉండిపోయాను. సోమవారం కన్నియప్పన్ టెంపో తీసుకుని కోడంబాక్కం పోతూ తాళం చెవి అడిగాడు. ఇచ్చాను. బట్టలు, గిన్నెలు, అలమరా పలకలు అతనే తెచ్చాడు. రాగిణి ఒకసారి ఆ ఇంటికి పోయి ఇంటాయనతో మాట్లాడి వచ్చింది.

మొదట్లో నేను రోజూ ప్రభకు ఫోన్ చేసి ఎవరైనా వచ్చారా అని అడిగేదాన్ని. ఎవరూ రాలేదనేది. పన్నెండు రోజులు అడిగాను. పదమూడో రోజు ప్రభే చేసి, ఏంది పెద్దమ్మా ఇంకా ఫోన్ చేయలేదు, ఒంట్లో బాగుండాదా అని అడిగింది. పొద్దున్నే ఒక పూజగది తలుపుకు అచ్చు గీయడానికి కూర్చున్నాను, మరిచిపోయాను అని చెప్పాను. అది నిజం.

ఇప్పుడు గోడౌనులో రాగిణి కింద ఇద్దరు పనివాళ్ళు ఉన్నారు. అచ్చులకు బొమ్మలు నేనే గీస్తాను. పొద్దున పదికల్లా ఎండ వాకిట్లోకి వస్తుంది, రేవు వైపు నుంచి గాలి వస్తుంది, పొట్టు ఎవరి వడియాల మీదా పడదు. సీతాదేవి రోజూ మధ్యాహ్నం కర్ర పట్టుకుని వచ్చి నా గీతలకు వంకలు పెడుతుంది.

మా కోడంబాక్కం ఇంటి గడప దాటి మళ్ళీ తిరిగి రాని వాళ్ళు ఇద్దరు. సుందరరామమూర్తి, 1988 మార్చిలో. నేను, 2022 ఆగస్టు 18, గురువారం.